ఎడమకు తిరిగిన బాణం

ఆ ఆదివారం ఉదయానికి అన్సెల్మ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరున్నరకు కాఫీ తాగాలి. ఏడింటికి సైకిలెక్కి, అడవి దారి పొడుగునా తను శనివారం కట్టిన పసుపు అట్ట బాణాలు ఊడకుండా ఉన్నాయో లేదో చూసుకోవాలి. తొమ్మిదింటికల్లా చర్చి ముందుకు వచ్చి నూట ఇరవై మంది కొండ సైకిళ్ళవాళ్ళకు జెండా ఊపాలి. మధ్యలో మూడు దారులు కలిసే చోట ఒక బాణాన్ని కుడి నుంచి ఎడమకు తిప్పాలి. ఈ చివరి పని సంగతి మాత్రం అతడు ఎవరికీ చెప్పలేదు.

వెర్నాక్ ఊళ్ళో ఏటా అక్టోబరు మొదటి ఆదివారం ఈ సైకిల్ యాత్ర జరుగుతుంది. ముప్పై నాలుగేళ్ళు ఆ చుట్టుపక్కల ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి కనుక బాణాలు కట్టే బాధ్యత అన్సెల్మ్‌ది. ఏ దారి ఎప్పుడు బురదవుతుందో, ఏ ఇంటి కుక్క ఎవరి పిక్క పడుతుందో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎప్పుడూ ఏటి ఒడ్డున సాగే యాత్రను, వంతెన మరమ్మతులో ఉందని, సంఘంవారు ఈసారి చెస్ట్‌నట్ తోపు మీదుగా పాత మఠం శిథిలాలకు మళ్ళించారు.

ఆ తోపులో, ముళ్ళపొదల అవతల, ఒక చిన్న పల్లం ఉంది. మంచి వాన పడి ఎండ కాసిన వారానికి అక్కడ సెప్ పుట్టగొడుగులు లేస్తాయి. గోధుమరంగు టోపీ, బొద్దు కాడ. వెన్నలో వేయిస్తే ఇంటిల్లిపాదీ పిలవకుండానే వంటింట్లోకి వచ్చి నిలబడతారు. ఆ చోటు ఆనవాలు అన్సెల్మ్‌కు తండ్రి చివరి రోజున చెవిలో చెప్పాడు. "నీకొక్కడికే చెబుతున్నారా. పెళ్ళానికి కూడా చెప్పకు." అన్సెల్మ్ ఇరవై ఆరేళ్ళుగా పెళ్ళానికి కూడా చెప్పలేదు. తండ్రి ఇచ్చిన వాటిలో ఇల్లు కారుతోంది, గడియారం ఆగిపోయింది. ఆ పల్లం ఒక్కటే ఏటా మాట తప్పకుండా పలుకుతోంది. అది పోతే తండ్రి రెండోసారి పోయినట్టే అతనికి.

సంఘం మీటింగులో అడ్డు చెప్పే వీలు లేకపోయింది. అక్కడ వద్దంటే, ఎందుకు వద్దని అడుగుతారు. అందుకని అందరితో పాటు తనూ చెయ్యెత్తాడు. కానీ శనివారం బాణాలు కడుతూ తొంగి చూస్తే పల్లంలో పదకొండు ఉన్నాయి, ఇంకో రెండు రోజులు పెరగాల్సినవి. సైకిళ్ళవాళ్ళు ఆగకుండా పోరు, ఆగినవాడు పొద వెనక్కు వెళ్ళకుండా ఉండడు. ఎడమ దారి కూడా పాత కోట బురుజు చుట్టి మఠానికే పోతుంది, రెండు కిలోమీటర్లు ఎక్కువ, అంతే. ఎవరికీ నష్టం లేదనుకుంటూ ఆదివారం పొద్దున్నే అన్సెల్మ్ బాణం తిప్పేసి, ఈల వేసుకుంటూ వచ్చి జెండా ఊపాడు.

పదిన్నరకు భార్య మోరిసెట్ ఫోన్ చేసింది. మఠం శిథిలాల దగ్గర ఫలహారాల బల్ల ఆమెదే.

"ఏమండీ, మనుషులేరీ? నాలుగు సాసేజీలు కోసుకుని కూర్చున్నా. కందిరీగలు తప్ప ఒక్క పురుగు రాలేదు."

"వస్తారులే. దారి కొంచెం ఎక్కువ."

"ఎందుకెక్కువ?"

"బురద," అన్నాడు అన్సెల్మ్, పది రోజులుగా చినుకు లేదన్న సంగతి మరిచిపోయి. మరిచిపోయానని వెంటనే గుర్తొచ్చి, "పాత బురద," అని కలిపాడు.

ఫోన్ పెట్టేలోపే మేయర్ సొలాంజ్ పరుగెత్తుకొచ్చింది. "ఏమయ్యా అన్సెల్మ్, ఏం బాణాలు కట్టావయ్యా? కోట ఓనరమ్మ ఫోన్ చేసింది. నలభై మంది బురుజు చుట్టూ మూడోసారి తిరుగుతున్నారట. మొక్కుబడేమన్నా ఉందా అని అడుగుతోంది!"

"మూడోసారా?"

"ఇంకో ముప్పై మంది పక్కూరి చర్చిలో దూరారట, పూజ మధ్యలో. హెల్మెట్లు తీసేదాకా ఫాదరు ప్రసంగం ఆపేశాడట. మిగతా గుంపు అవతలి ఊళ్ళో ఫైరింజనువాళ్ళ విందులో కూర్చుని దూడమాంసం తింటున్నారు. రమ్మంటే రారట. మనకంటే అక్కడే బావుందట!"

అన్సెల్మ్ ఫోన్ జేబులో వేసుకున్నాడు. తను తిప్పింది ఒకే ఒక్క బాణం. ఒక్క బాణానికి ఇంతమంది ఇన్ని దిక్కులకు పోతారా? సైకిలెక్కి మూడు దారుల దగ్గరకు పరుగు తీశాడు. చూస్తే తన బాణం ఎడమకూ లేదు, కుడికీ లేదు, వచ్చిన దారినే వెనక్కు చూపిస్తోంది. అవతలి మలుపులో ఉన్న బాణం దీనికేసి తిరిగి ఉంది. రెండూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. గాలి పని అనుకుందామంటే ఆకు కదలడం లేదు. తనకు వయసు మీదపడి మతి చెడిందేమోనని మొదటిసారి భయం వేసింది అతనికి. బాణాన్ని మళ్ళీ ఎడమకే తిప్పి గట్టిగా కట్టాడు, ఎంత చెడినా ఆ మాత్రం మతి మిగిలే ఉంది.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఎలాగో అందరినీ మఠం దగ్గరకు పోగుచేసి లెక్కపెట్టారు. నూట పందొమ్మిది మంది తేలారు. తేలని ఒక్కడు తిబో, అన్సెల్మ్ అల్లుడు.

లియోన్ నగరంలో పుట్టి పెరిగిన తిబో కళ్ళద్దాల కొట్టులో పనిచేస్తాడు. పెళ్ళయి ఏడేళ్ళయినా మామగారి నోట మూడు మంచి ముక్కలు ఎరగడు. ఆ ముక్కల కోసమే కొండ సైకిల్ కొనుక్కుని ఈ యాత్రకు పేరిచ్చాడు. అతని ఫోన్ మోగడం లేదు. అతని భార్య, అన్సెల్మ్ కూతురు క్లెమాన్స్ ముఖం పాలిపోయి ఉంది.

"వరస కట్టి వెతుకుదాం," అంది మేయర్. "బురుజు వైపు సైకిళ్ళవాళ్ళు వెళ్తారు. తోపు వైపు..."

"తోపు అక్కర్లేదు!" అన్నాడు రొట్టెల కొట్టు రెజిస్. "నేను చూసొచ్చా. పిట్ట కూడా లేదు."

"అటు కందిరీగల గూడుంది," అంది మోరిసెట్. "ఎవరూ పోవద్దు."

"అడవిపందులున్నాయి కూడా," అంది మేయర్. "తోపుకి నేనొక్కదాన్నే పోతా. మీరెవరూ రాకండి."

అన్సెల్మ్ కూడా ఒక పాముల పుట్టను సిద్ధం చేసుకున్నాడు. నోరు తెరిచేలోపు క్లెమాన్స్ అతని చెయ్యి పట్టుకుంది. "నాన్నా, ఆయనకి అడవి తెలీదు. ఎక్కడ కాలు విరిగి పడున్నాడో. నీ మెప్పు కోసం వచ్చాడు నాన్నా."

పాముల పుట్ట గొంతులోనే ఆగిపోయింది. తండ్రి గుర్తొచ్చాడు, పదకొండు టోపీలు గుర్తొచ్చాయి. కూతురి ముఖం మాత్రం ఎదురుగా ఉంది. అన్సెల్మ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తోపులోకే పోవాలి. ఉంటే అక్కడే ఉంటాడు. బాణం తిప్పింది నేనే. అక్కడ నాకో పుట్టగొడుగుల చోటుంది. రండి, చూపిస్తా."

ఎవరూ తిట్టలేదు. అది అతనికి వింతగా తోచింది. తిబో ఇటొస్తే కబురు చెప్పమని క్లెమాన్స్‌ను సైకిళ్ళవాళ్ళతో మఠం దగ్గరే ఉంచి, మిగతా ముగ్గురూ తల దించుకుని అతని వెంట నడిచారు. ఆకుల కింద దాగిన గుంట ఒకటి అడ్డొస్తే, జాగ్రత్త అని చెప్పేలోపే రెజిస్ దాన్ని చూడకుండానే దాటేశాడు. తిరగాల్సిన చోట మేయరమ్మ అడక్కుండానే తిరిగింది. ముళ్ళపొద దగ్గరకొచ్చేసరికి మోరిసెట్ ముందుకెళ్ళి, ఒక కొమ్మను అలవాటుగా పక్కకు పట్టుకుని నిలబడింది.

"నీకెప్పట్నించి తెలుసు?" అన్నాడు అన్సెల్మ్.

"ఇరవై ఐదేళ్ళు. శనివారాలు మీవి కదా, నేను బుధవారాలొస్తా. సాసేజీలు తెస్తూ అవతలి మలుపులో బాణం నేనే తిప్పా."

"మూడు దారుల దగ్గర నీ బాణం నేను వెనక్కి తిప్పా," అంది మేయర్ ఆకుల్లోకి చూస్తూ. "ప్రజల మేలు కోరే."

"అంతకుముందు దాన్ని పక్కూరి వైపు తిప్పింది నేను," అన్నాడు రెజిస్. "మీ నాన్నే చెప్పాడట మా నాన్నకి ఈ చోటు. 'నీకొక్కడికే చెబుతున్నా' అన్నాడట."

అన్సెల్మ్‌కు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. అప్పుడే పొద అవతల నుంచి "మామగారూ!" అన్న కేక వినిపించింది.

పల్లంలో తిబో, గాలి పోయిన టైరు పక్కన, మడమ బెణికి కూర్చుని ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది. ఒళ్ళో హెల్మెట్, హెల్మెట్ నిండా పదకొండు సెప్‌లు.

"ఒక బాణం ఇటంటే ఇంకోటి అటంటోంది మామగారూ. రెంటినీ నమ్మక మధ్యలోంచి వచ్చేశా. చూడండి ఎంత బావున్నాయో! పాపం, ఈ చోటు ఊళ్ళో ఎవరికీ తెలిసినట్టు లేదు."

"తెలీదు," అన్నారు నలుగురూ ఒకే గొంతుతో.

"నేను దొరకాలని ఫోటో, మ్యాపూ యాత్రవాళ్ళందరికీ పంపా. కానీ ఇక్కడ సిగ్నల్ లేదు. ఒక్కటీ పోలేదు."

నలుగురూ ఊపిరి పీల్చుకున్నారు. మేయరమ్మ అక్కడికక్కడే తీర్మానం చేసింది: ఎవరూ ఏమీ చూడలేదు, ఎవరి రోజులు వాళ్ళవే. అన్సెల్మ్ వంగి అల్లుడి చంకలో చెయ్యేశాడు. "ధైర్యం గలవాడివిరా," అన్నాడు. "మట్టసంగా కోశావు, కాడ విరక్కుండా. మంచి చెయ్యి నీది." లెక్కకు మూడు మంచి ముక్కలూ అయ్యాయి. తిబో కళ్ళు చెమర్చాయి. కుంటుతున్న అల్లుణ్ణి ముళ్ళలో నడిపించడం ఎందుకని, అన్సెల్మ్ అతన్ని ప్రేమగా పక్కనున్న దిబ్బ మీదుగా తీసుకుపోయాడు.

దిబ్బ మీద సిగ్నల్ ఉంది. ముందు తిబో జేబులో ఫోన్ గంట కొట్టింది, తర్వాత మేయర్ సంచిలో, రెజిస్ చొక్కాలో, ఆ తర్వాత దూరంగా మఠం దగ్గర నూట పందొమ్మిది జేబుల్లో.

మరుసటి ఏడాది యాత్రకు నాలుగు వందల మంది పేర్లిచ్చారు. అందులో సగం మంది కొండ సైకిళ్ళకు ముందు బుట్టలు కట్టుకుని వచ్చారు.