జానయ్య ట్రాక్టరుకు బరువు

పంతొమ్మిదివందల అరవైల్లో ఒక కార్తీకం. తిరుమలగిరి దగ్గరున్న తన చెలకను ఆ పొద్దుటే దున్ని ఉలవలు చల్లాలని జానయ్య అనుకున్నాడు. రాత్రి వాన పడింది. పదును ఒక్క రోజు మించి నిలవదు. ఎద్దులా, లేవు. ట్రాక్టరు వచ్చిందన్న గర్వంతో వాటిని బావమరిది ఐలేశానికి అమ్మేసి, "ఇగ నీ గడప దొక్కితే నన్నడుగు" అని నలుగురిలో అన్నాడు కూడా. ఏరు దాటకముందే తెప్ప తగలేసే రకం.

నాగలి మట్టిలో దిగగానే ట్రాక్టరు పెద్ద చక్రాలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి.

"ఎన్క చక్రాలకు బరువు చాలుతలేదు పటేలా," అన్నాడు డ్రైవరు భిక్షపతి. "టైర్లల్ల నీళ్లు నింపాలె. గా సామాను నల్గొండల దొరుకుతది."

"గంత దూరమెందుకు? నీళ్లు టైర్లల్ల ఉంటేంది, టైర్ల మీద ఉంటేంది? గుంటుక మట్టిల దిగెతందుకు దాని మీద రాయి పెడ్తలేమా?"

జీతమిచ్చేది జానయ్యే కనుక భిక్షపతికి ఆ మాట సబబుగానే తోచింది.

కడవలు వచ్చాయి. మడ్‌గార్డుల మీద కడవలు నిలవవు కనుక వాటిని పట్టుకోవడానికి మనుషులు ఎక్కారు. ఉత్తపుణ్యానికి మోటారు సవారీ దొరుకుతుంటే కాదనేదెవరు? కుదుపులకు నీళ్లు ఒలికాయి. బరువు తగ్గిందని ఇంకొన్ని కడవలు, వాటికి ఇంకొంతమంది. అయినా బండి నాగలిని లాగలేదు.

"నాగలి ఇప్పుర్రి," అన్నాడు జానయ్య. "ముందుగాల బండికి నడక రానీ."

నాగలి లేని బండి బ్రహ్మాండంగా నడిచింది. జనం ఈలలు వేశారు. జానయ్య పొంగిపోయి మధ్యాహ్నం దాకా చెలకంతా తిప్పించాడు.

"ఏమయ్యా, పదును పోతాంది. ఉలవలు ఎప్పుడు సల్లుతవ్?" అని భార్య సైదమ్మ మొత్తుకుంది.

"మిషిన్ల సంగతి నీకేం దెలుసు?"

ఆయనకు తెలిసినట్టు!

పొద్దు వాలాక మళ్లీ నాగలి కట్టారు. ఈసారి నాగలి మొనే దిగలేదు. ఒలికిన నీళ్లకు, తొక్కిన బరువుకు, ఆపైన ఎండకు చెలక గచ్చులా బిగిసిపోయింది. జానయ్యకు ఏడుపొక్కటే తక్కువ. ఎద్దుల కోసం ఐలేశం గడపే తొక్కాలి. తల దించుకుని బయలుదేరబోతుంటే ఐలేశమే ఎద్దులబండి తోలుకుంటూ ఎదురొచ్చాడు.

"ఎడ్లను దెచ్చినవా తమ్మీ? నీ అసొంటి మంచోడు..."

"మంచోనివి నువ్వు బావా!" ఐలేశం బండిలోని వరి మోపులు చూపించాడు. "వడ్లు కొట్టెతందుకు జాగ లేక ఫికర్ జేస్తున్న. నా కోసం గింత పెద్ద కల్లం తొక్కిచ్చినవంట! ఇగ పేడతోని అలుకుడే."

కడవలు పట్టుకుని ఊరంతా చూస్తోంది. నిజం చెబితే పరువు పోతుంది.

"నీ కోసమే," అన్నాడు జానయ్య.

ఆ ఏడు జానయ్య చెలకలో రాలినవి ఐలేశం వడ్లే.