మొదటి లబ్ధిదారుడు

"ఈ జిల్లాలో ఇకమీదట తన హక్కులు తెలియని కార్మికుడు ఒక్కడు కూడా ఉండడు. ఉంటే ఊరుకోను!" అని కార్మిక చైతన్య శాఖ మంత్రిగారు విజయనగరంలో ప్రకటించారు. కార్మికుల్ని అంత గట్టిగా బెదిరించి మరీ మేలు చేసిన మంత్రి అంతకుముందు లేడు.

చీపురుపల్లిలో టీవీ ముందు కూర్చున్న విక్టర్‌కి కళ్లు చెమర్చాయి. కుడిచేత్తో తుడుచుకోబోయి, ఎడమచేత్తో తుడుచుకున్నాడు. నాలుగు నెలల కిందట బిస్కెట్ల ఫ్యాక్టరీలో పిండి రోలరు అతని కుడిచేతి వేళ్లు రెండింటిని తీసేసుకుంది. "నువ్వు కాంట్రాక్టరు మనిషివి" అంది కంపెనీ. "కంపెనీ రోలర్లో కదా వేలు పెట్టావు" అన్నాడు కాంట్రాక్టరు. అయినా మానవత్వం ఉన్నవాళ్లు కాబట్టి, వేలికొకటి చొప్పున రెండు అట్టపెట్టెల క్రీమ్ బిస్కెట్లు ఇంటికి పంపించారు. అప్పట్నుంచీ అతని భార్య షీబా కుట్టుమిషనే ఇల్లు నడుపుతోంది.

మర్నాడే విక్టర్ అర్జీ రాసుకుని శాఖ ఆఫీసుకి వెళ్లాడు. మోహనకృష్ణ అనే ఆఫీసరుగారు అర్జీ చదివి, కళ్లజోడు సర్దుకున్నారు.

"ఆధారం?"

విక్టర్ చెయ్యి చూపించాడు.

"ఇవి ఉన్న వేళ్లు. నేనడిగింది పోయినవాటి గురించి."

"పోయినవి పోనాయి కదా సార్."

"పోయాయని కాగితం ఉండాలయ్యా. ఏదీ, ఆ చెయ్యి ఇంకోసారి ఎత్తు. ఇంకొంచెం పైకి... ఆహా!"

ఆఫీసరుగారు వెంటనే మంత్రిగారి పీఏకి ఫోన్ చేశారు. "సార్, మనకి ఒరిజినల్ దొరికాడు!"

విషయం ఏమిటంటే, అంతవరకూ అవగాహన సదస్సుల్లో ఆఫీసు అటెండరుకే కట్టు కట్టి చూపిస్తున్నారు. ఆ కట్టు ఒక ఊళ్లో కుడిచేతికీ, ఇంకో ఊళ్లో ఎడమచేతికీ ఉంటోందని పేపర్లో రాశారు.

అలా విక్టర్ 'హక్కుల రాయబారి' అయ్యాడు. ఆ పేరు రాసిన పట్టీ ఒకటి భుజం మీదుగా వేశారు. ఆదివారం చర్చిలో వాక్యం చదివే గొంతు కాబట్టి మైకు లేకపోయినా వినిపించేది. చట్టం అతనికి రెండు రోజుల్లో కంఠతా వచ్చేసింది.

"పనిలో ఉండగా, పని వల్ల దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలి! తప్పు యజమానిదని మనం రుజువు సెయ్యక్కర్లేదు! కాంట్రాక్టు మనిషైనా సరే, కంపెనీదే బాధ్యత! రెండేళ్లలోపు అర్జీ పెట్టుకోవాలి!"

అప్పుడు చెయ్యెత్తేవాడు. మంత్రిగారు ముందుకొచ్చి, మిగిలిన మూడు వేళ్లనీ ఒక్కొక్కటే ముట్టుకుని, తమ పార్టీ మూడు వాగ్దానాలూ చెప్పేవారు. ఐదు వేళ్లూ ఉన్నవాడితో ఆ సౌకర్యం ఉండదు.

ముప్పై ఎనిమిది సదస్సులయ్యాయి.

"నీ అర్జీ ఏటయినాది?" అని అడిగింది షీబా.

"ఆఫీసులో ఎవులున్నారే? అందరూ నాతోనే ఊళ్లు తిరుగుతన్నారు."

"ఊరందరికీ హక్కులు సెప్తన్నావు. మనకేటి సెప్తావు?"

విక్టర్ చట్టం మొదట్నుంచీ చెప్పాడు. షీబా మిషన్ తొక్కడం ఆపలేదు.

ముప్పై తొమ్మిదో సదస్సు బొబ్బిలిలో జరిగింది. అతను చెయ్యెత్తగానే, ఇటుకబట్టీలో పనిచేసే తవిటమ్మ అనే ముసలామె లేచి నిలబడింది.

"బాగా సెప్పినావు నాయనా. నీకెంతొచ్చినాది?"

చెయ్యి పైనే ఉండిపోయింది. చట్టంలో ఆ ప్రశ్నకి జవాబు అతను చదవలేదు.

మోహనకృష్ణగారు మైకు లాక్కున్నారు. "ప్రశ్నలు సదస్సు అయ్యాక!"

సదస్సు అయ్యేసరికి అందరూ కార్లలో ఉన్నారు. మంత్రిగారి మనసు మాత్రం చాలా కదిలిపోయింది. "ఇంత ప్రచారం చేసి ఒక్క లబ్ధిదారుణ్ణి కూడా చూపించలేకపోతే ఎలాగయ్యా? పదిహేనో తారీకులోగా ఒక లబ్ధిదారుడు కావాలి. చెక్కు నా చేతుల మీదుగా ఇవ్వాలి" అన్నారు. అదే కార్లో ముందు సీట్లో ఉన్న విక్టర్ ఆ మాట స్పష్టంగా విన్నాడు. ఇంటికెళ్లి షీబాకి చెప్పాడు. ఆమె అతని తెల్లచొక్కా తీసి ఇస్త్రీ చేసింది.

పద్నాలుగో తారీకు ఉదయం నెల్లిమర్లలో కార్మిక చైతన్య భవనానికి రిబ్బన్ కట్ చేస్తూ మంత్రిగారు చిటికెన వేలు కోసుకున్నారు. రక్తపుచుక్క ఒకటి రిబ్బన్ మీద పడింది.

మోహనకృష్ణగారు ఆ వేలువైపు చూశారు. ఆ చూపులో ఏదో వెలుగు కనిపించింది.

"విక్టర్! డ్యూటీలో ఉండగా దెబ్బ తగిలితే రూలేంటి?"

విక్టర్ వాక్యం మార్చి చెప్పే మనిషి కాదు. "పరిహారం ఇవ్వాలండి."

"తప్పు కత్తెరదా, మంత్రిగారిదా?"

"రుజువు సెయ్యక్కర్లేదండి."

పదకొండు నిమిషాల్లో డాక్టరొచ్చి సర్టిఫికెట్ రాశాడు. నాలుగు టేబుళ్లు దాటాల్సిన ఫైలు మధ్యాహ్నానికల్లా దాటేసింది. నాలుగు టేబుళ్లవాళ్లూ అక్కడే టిఫిన్ చేస్తున్నారు మరి. మంత్రిగారు ఎలా ఉద్యోగి అవుతారని ఒక గుమస్తా అడిగాడు. ప్రజాసేవకుడంటే ప్రజల ఉద్యోగేనని తేల్చారు. మంత్రిగారు ముందు వద్దన్నారు. తర్వాత సమస్త కార్మికుల తరఫునా ఒప్పుకున్నారు.

పదిహేనో తారీకు సభలో విక్టర్ పేరు పిలిచారు. తెల్లచొక్కా వేసుకుని స్టేజీ ఎక్కాడు. మూడో వరసలో షీబా ఫోన్ పట్టుకుని లేచి నిలబడింది. తలుపంత అట్టచెక్కు ఒకటి అతని చేతికిచ్చారు. దానిమీద మంత్రిగారి పేరుంది. మంత్రికి మంత్రే ఇచ్చుకుంటే బాగుండదనీ, కార్మికుడి చేతుల మీదుగా ఇప్పిస్తే బాగుంటుందనీ నిర్ణయించారట.

"మరి మా ఆయన్దేదండీ?" అని షీబా కిందనుంచి గట్టిగా అరిచింది.

"టార్గెట్ ఒక్కరేనమ్మా" అన్నారు మోహనకృష్ణగారు, ఎంతో మర్యాదగా. "పూర్తయిపోయింది."

మంత్రిగారు కట్టుకట్టిన చిటికెన వేలు పైకెత్తారు. జనం చప్పట్లు కొట్టారు. ఫోటోగ్రాఫరు ఒక కన్ను మూసి చూసి, కెమెరా దించేశాడు.

"అన్నా, నీ కుడిచెయ్యి ఆ అట్ట ఎనక్కి పెట్టుకో. ఫోటో పాడైపోతన్నాది."