తబ్రేజ్ గారి ఆజాద్ యాత్ర

ఒమాన్‌లోని అల్ హైల్ వాస్తవ్యులైన తెలుగువారందరికీ తెలియజేయడమేమనగా, మన బిల్డింగు మూడో అంతస్తులో ఉండే కడప తబ్రేజ్ రెండేళ్ళకొకసారి దొరికే సెలవులో ఇంటికి పోకుండా, ఎవరూ పిలవకుండా, ఏ పనీ లేకుండా, దక్షిణ అమెరికాలో ఒక దేశం చూసి రావడానికి నిశ్చయించుకున్నాడు. ప్రవాస సౌభ్రాతృత్వ సంఘం వాట్సాప్ గ్రూపులో ఈ ప్రకటన శుక్రవారం ఉదయం వెలువడింది. ఆ దేశం పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆ దేశం వారు నొచ్చుకుంటారు. రాయకపోతే చుట్టుపక్కల నాలుగు దేశాలు తమ గురించేననుకుని నొచ్చుకుంటాయి. బాధను అందరికీ సమానంగా పంచడం న్యాయం.

తబ్రేజ్ తన మెసేజీలో ‘ఇండిపెండెంట్ ట్రావెల్’ అని రాశాడు. టూర్ కంపెనీ లేకుండా సొంతంగా తిరుగుతానని అతని భావం. సంఘం కార్యదర్శి అర్ఫాత్ హైదరాబాదువాడు, నలుగురికీ అర్థం కావాలని దాన్ని ‘ఆజాద్’ అని మార్చాడు. గల్ఫులో ఆజాద్ అనే మాట పక్కన ఇమిడేది ఒక్క వీసాయే. జుమ్మా నమాజు ముగిసేసరికి మూడో అంతస్తు మెట్ల మీద పదిహేడు మంది, పాస్‌పోర్టు కాపీలతో, రెండేసి ఫోటోలతో వరుస కట్టారు.

ఆజాద్ వీసా అంటే ఏమిటో తెలియనివారు ఈ కథ చదవరు. అయినా పద్ధతి కనుక చెప్పాలి. కాగితం మీద ఒక యజమాని ఉంటాడు, పని మరోచోట మనమే వెతుక్కోవాలి, పట్టుబడితే తప్పు మాత్రం మనదే. పేరులో స్వేచ్ఛ ఉంది కనుక మామూలు వీసా కన్నా ఖరీదు ఎక్కువ.

వరుసలో మొదట ఇస్తారి ఉన్నాడు. జగిత్యాల వైపు నుంచి వచ్చి పద్నాలుగేళ్ళుగా మేస్త్రీ పని చేస్తున్నాడు.

“తమ్మీ, ఆడ మేస్త్రీలకు గిరాకీ ఉన్నదా?”

“పనికి కాదన్నా. ఉత్తనే పోతాండా. సైట్ సీయింగ్.”

“గట్ల జెప్పు మరి. ఎన్ని అంతస్తుల సైటు?”

సైటు కానిది కూడా మనిషి చూడవచ్చునని ఇస్తారికి నచ్చజెప్పడానికి గంట పట్టింది. నచ్చలేదు. కడప నుంచి తల్లి అక్తరీ బేగం ఫోనులో ఒకటే మాట అడిగింది. “జీతం ఇచ్చేవాళ్ళే లేకపోతే ఆ దేశంతో నీకేం పని నాయనా? ఒంట్లో బాగుందా?”

ఒంట్లో బాగానే ఉంది. తబ్రేజ్ కోరిక చాలా చిన్నది. ఏ కంపెనీ అని ఎవరూ అడగని చోట, తన పాస్‌పోర్టు తన జేబులో పెట్టుకుని పది రోజులు తిరగాలి. అంతే.

ఆ పాస్‌పోర్టు అల్ ఖువైర్‌లోని కంపెనీ ఆఫీసు బీరువాలో, ఇంటికి పోయే సెలవులప్పుడు తప్ప, ఆరేళ్ళుగా క్షేమంగా ఉంది. దరఖాస్తు చూసి మేనేజరు గారు ఆప్యాయంగా కూర్చోబెట్టారు. “అది దొంగల దేశమని విన్నాను. ముందుగా పోయేది పాస్‌పోర్టేనట. సిబ్బంది క్షేమమే మా ధ్యేయం కనుక ఒక సలహా ఇస్తాను. పాస్‌పోర్టు ఇక్కడే ఉంచి నిశ్చింతగా వెళ్ళిరండి” అన్నారు. పాస్‌పోర్టు లేకుండా విమానం ఎక్కనివ్వరని తబ్రేజ్ మనవి చేసుకోగా, ఆ కోణం తమ దృష్టికి రాలేదని ఒప్పుకున్నారు. మూడు వారాల తర్వాత ఒక హామీ పత్రం మీద సంతకం పెట్టించుకుని ఇచ్చారు. పాస్‌పోర్టుకు ఏమైనా జరిగితే బాధ్యత తబ్రేజ్‌దే. తబ్రేజ్‌కు ఏమైనా జరిగినా బాధ్యత తబ్రేజ్‌దే.

సంఘం ఊరుకోలేదు. భద్రతా సదస్సు పెట్టింది. అధ్యక్షుడు నర్సింగ్ మైకు పట్టుకుని, “సోదరులారా, పరాయి దేశంలో ఎవర్నీ నమ్మరాదు. రెండు పర్సులు ఉండవలె. పైజేబులో ఉత్తుత్తి పర్సు, లోజేబులో అసలు పర్సు. పోలీసులను నమ్మరాదు, దొంగలనైతే అసలే నమ్మరాదు. డబ్బు బ్యాంకులో మార్చితే నష్టం, బజారులో మార్చితే మోసం” అని నలభై నిమిషాలు హెచ్చరించాడు. అన్నీ విన్నాక ఆ దేశంలో చేయదగిన పని గదిలో తలుపు వేసుకుని కూర్చోవడమొక్కటేనని తేలింది. ఇస్తారి మాత్రం తబ్రేజ్ ప్యాంటు లోపల ఒక దొంగజేబు కుట్టి ఇచ్చాడు.

తబ్రేజ్ వెళ్ళి దిగాడు. ఆ దేశంలో డబ్బుకు బ్యాంకులో ఒక రేటు, బజారులో ఒక రేటు, టీ చెప్పినప్పుడు ఒక రేటు, తాగాక మరొకటి. వంద డాలర్లు మార్చితే బియ్యం సంచెడు నోట్లు వచ్చాయి. డబ్బు మోయలేక ఆయాసపడటం తబ్రేజ్‌కు జీవితంలో అదే మొదలు. మూడో రోజు కొండదారిన పోయే బస్సులో పక్కసీటు ముసలమ్మ మొక్కజొన్న పొత్తు విరిచి సగం చేతిలో పెట్టింది. ఏ కంపెనీ అని అడగలేదు. జీతం ఎంత అనలేదు. కింద లోయలో నది మెరుస్తోంది. తబ్రేజ్ దొంగజేబు తడుముకున్నాడు. పాస్‌పోర్టు ఉంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆరేళ్ళలో అంత సంతోషం అతనికి ఎప్పుడూ కలగలేదు.

తొమ్మిదో రోజు మిట్టమధ్యాహ్నం ఒక సందులో ముగ్గురు కత్తి చూపించారు. సదస్సు తీర్మానం ప్రకారం తబ్రేజ్ ఉత్తుత్తి పర్సు తీసి ఇచ్చాడు. ఒమాన్ దాటాక పనికిరాదు కదా అని తన రెసిడెంటు కార్డు అందులోనే పెట్టుకున్నాడు. పెద్ద దొంగ ఆ కార్డు తిప్పి తిప్పి చూసి, ఫోను తీసి దానిలో ఏదో మాట్లాడాడు. ఫోను దాన్ని ఇంగ్లీషులోకి మార్చి పలికింది. “ఒమానా? అక్కడ నెలనెలా జీతం ఇస్తారా?”

“ఇస్తారు.”

“ఆ డబ్బు నెలాఖరుకు కూడా అంతే విలువ చేస్తుందా?”

“చేస్తుంది.”

కత్తి మడత పడింది, పర్సు తిరిగి తబ్రేజ్ చేతికి వచ్చింది. ముగ్గురూ టోపీలు తీసి చేతులు కట్టుకున్నారు. “సోదరా, నీ దగ్గర వీసా ఏమైనా ఉందా?”

లేదు అనడానికే తబ్రేజ్ నోరు తెరిచాడు. కాని ఏజెంటు ముందు, మేనేజరు ముందు తాను చేతులు కట్టుకోవడమే గాని, తన ముందు ఇన్నాళ్ళూ ఎవరూ కట్టుకోలేదు. వెన్ను దానంతటదే నిటారుగా అయింది.

“ట్రేడ్ ఏమిటి?”

“దోపిడీ.”

“ఎక్స్‌పీరియన్స్?”

“పదకొండేళ్ళు.”

“గల్ఫ్ ఎక్స్‌పీరియన్స్?”

ముగ్గురూ తలలు దించుకున్నారు. తబ్రేజ్ పెదవి విరిచాడు. “కష్టమే. సరే, చూద్దాం. ఆజాద్ వీసా అవుతుంది. ఒరిజినల్ పాస్‌పోర్టులు, రెండేసి ఫోటోలు రేపు తీసుకురండి.”

దొంగలు తటపటాయించారు. తమ దేశంలో ఎంత చెడ్డవాడైనా తన పాస్‌పోర్టు ఇంకొకరి చేతికి ఇవ్వడని నసిగారు. తబ్రేజ్ వాళ్ళను ఆప్యాయంగా మెట్టు మీద కూర్చోబెట్టి, “మీ క్షేమమే నా ధ్యేయం. నా దగ్గర భద్రంగా ఉంటాయి” అన్నాడు. ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందని అతనికే ఒక్క క్షణం అనుమానం వచ్చింది గాని, ఎక్కడో గుర్తురాలేదు.

తిరిగి వచ్చిన ఉదయమే అతని పాస్‌పోర్టు అల్ ఖువైర్‌లోని కంపెనీ బీరువాలోకి చేరింది. ఆ ముగ్గురివీ అల్ హైల్‌లోని అతని బీరువాలోకి చేరాయి. అన్నీ క్షేమం.

సంఘం అభినందన సభ జరిపింది. దొంగల దేశంలో గుండుసూది కూడా పోగొట్టుకోకుండా వచ్చిన ఏకైక తెలుగువాడని నర్సింగ్ కొనియాడాడు. దొంగలతో బహు జాగ్రత్తగా ఉండవలెనని మరోసారి హెచ్చరించాడు. అందరికన్నా గట్టిగా తబ్రేజే తల ఊపాడు. అంతలో ఫోను మోగింది. ‘సోదరా, వీసా ఎప్పుడు?’ అని సముద్రాల అవతల నుంచి మెసేజీ. ‘వచ్చే వారం’ అని కొట్టి ఫోను జేబులో వేసుకున్నాడు. కడపలో అతని ఏజెంటు ఏడాదిన్నర పాటు చెప్పిన మాట కూడా అదే.

తబ్రేజ్ వీసాలు ఇస్తున్నాడన్న కబురు పాకి, సభ ముగియగానే మూడో అంతస్తు మెట్ల మీద మళ్ళీ వరుస మొదలైంది. మొదట ఇస్తారే ఉన్నాడు. ఈసారి ఎవరూ కాపీలు తేలేదు, ఒరిజినల్సే తెచ్చారు. మీరూ తెచ్చే ఉంటారు. తోసుకోకుండా వెనక నిలబడండి, పిలుస్తారు.