దొనకొండ రన్‌వే మీద మెహతాబ్

ఆ ఆదివారం పొద్దున మెహతాబ్ అనుకున్న పని చాలా చిన్నది. భర్త ఫయాజ్ వండిన బిర్యానీ డేగిసాను మార్కాపురం నుంచి దొనకొండ తీసుకెళ్లి, దించేసి, మధ్యాహ్నానికల్లా ఇల్లు చేరాలి. పెద్దదోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్‌లో పద్నాలుగేళ్లుగా యాత్రికుల వ్యాను నడుపుతున్న మనిషికి అదొక లెక్క కాదు.

దొనకొండలోని పాత రన్‌వేను హైదరాబాదు కార్ల క్లబ్బువాళ్లు ఆ రోజుకు తీసుకుని, భోజనాలు ఫయాజ్‌కు చెప్పారు. స్పోర్ట్స్ కార్లున్నవాళ్లు ఎవరికీ అడ్డం లేకుండా వేగంగా నడుపుకునే రోజది. ట్రాక్ డే అంటారు. నేర్పడానికి ముంబై నుంచి మెహతా అనే ఆవిడ రావాలి. ఆవిడ ఎలా ఉంటుందో అక్కడ ఎవరికీ తెలియదు.

గేటు దగ్గర కాపలా ఉన్న బ్రహ్మం వ్యాను ఆపాడు. "ఎవరమ్మా?"

"మెహతాబ్‌ను అన్నా. మార్కాపురం..."

"మెహతా మేడమా! మీకోసమే కాచుకోని ఉండారు. పోండి, పోండి!"

లోపల క్లబ్బు కార్యదర్శి నరేంద్ర పరుగున వచ్చాడు. "గంట లేటు మేడం!"

"దారిలో పంచరైంది సార్. ఇంకా వేడిగానే ఉంది."

"వేడిగా ఉంటేనే మంచిది. ఇంజన్ సాఫీగా పోతుంది. ముందు మీరొక రౌండు వేసి చూపించండి," అంటూ హెల్మెట్ చేతిలో పెట్టి, షామియానా ముందున్న ఎర్ర కారు చూపించాడు.

అది పక్కకు తీస్తేగాని డేగిసా దించడానికి దారి లేదు కాబోలనుకుని మెహతాబ్ ఎక్కింది. కారు యజమాని విజయ్ కుమార్ పక్కన కూర్చున్నాడు. "మలుపులకు పెట్టిన ఆ కోన్లన్నీ చుట్టి రావాలి మేడం. గట్టిగా తొక్కండి."

పక్కకు తీయడానికి అంత దూరమెందుకో ఆమెకు అర్థం కాలేదు. కానీ పెడల్ మీద కాలు పడ్డాక అడగబుద్ధి కాలేదు.

కారు నేలను అంటిపెట్టుకుని దూసుకుపోయింది. పొద్దుటినుంచి విజయ్ కుమార్ గిరగిరా తిరిగిపోయిన మలుపుల్లో ఆమె చేతిలో టైరు కీచుమనలేదు. ప్రతి మలుపుకూ హారన్ మాత్రం మోగింది. తిరిగొచ్చేసరికి గడియారం అందరికంటే నాలుగు సెకన్లు తక్కువ చూపించింది. చప్పట్లు మోగాయి.

"హారన్ ఎందుకు మేడం?" అని ఒకరు అడిగారు.

"ఎదురుగా బస్సొస్తే?"

అందరూ రాసుకున్నారు.

"మలుపులోకి పోయినాక బ్రేకు తొక్కితే ఏంది లాభం? ముందే తొక్కాల. వెనక సీట్లో నిద్రపోయే అవ్వ లేవకూడదు. అట్ల తిప్పాల."

అదీ రాసుకున్నారు.

అప్పుడే అసలు మెహతా గేటు దగ్గర కారు దిగింది. "మేడం ఎప్పుడో వచ్చినారు. నువ్వు బిర్యానీ ఆమెవి గదా? షామియానా వెనక్కి పో అక్కా," అన్నాడు బ్రహ్మం. తెలుగు రాని ఆవిడ అతను చెయ్యి చూపిన వైపే వెళ్లింది. అక్కడ ఆకలితో ఉన్నవాళ్లు ఆవిడకు గరిటె అందించారు. ఆ గరిటెతోనే ఆవిడ జనం మధ్యకు వచ్చి, "మెహతా నేను," అంది హిందీలో.

మెహతాబ్ నరేంద్ర వైపు తిరిగింది. "నేను మెహతాబ్‌ను సార్, బిర్యానీ తెచ్చినా. కారు పక్కకు తీయమంటున్నారనుకున్నా. కేసు పెట్టొద్దు సార్. లైసెన్సు పోతే నా బతుకే పోతాది."

మెహతా గరిటె పక్కన పెట్టి ఎర్ర కారెక్కింది. "నన్ను కూడా ఒక రౌండు తిప్పు," అంది. ఉర్దూ ఇంట్లో పుట్టిన మెహతాబ్‌కు అది అర్థమైంది. ఈసారి మెల్లగా మొదలుపెట్టి, రెండో మలుపుకల్లా కుదురుకుంది.

దిగాక మెహతా అందరి వైపు తిరిగింది. "నేను రెండు రోజులు చెప్పే పాఠం ఈమె ఒక్క రౌండులో చూపించేసింది. మిగతా క్లాసు మేమిద్దరం కలిసి తీసుకుంటాం," అంది.

తర్వాతి నెల ట్రాక్ డేకు మెహతాబ్‌ను శిక్షకురాలిగా పిలుస్తూ నరేంద్ర ఫోన్ చేశాడు. భోజనాలకు మాత్రం, వేళకు తెచ్చేవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పమన్నాడు.