పోని గంగాళం

పొద్దున్నే ఠాణాకు వెళ్లి ఫిర్యాదు వెనక్కి తీసుకుని, వచ్చి కొట్టు తెరవాలనుకున్నాడు సాంబయ్య. పోయిందనుకున్న ఇత్తడి గంగాళం నిన్న సాయంత్రం ఇంటికి చేరింది. బావమరిది మాటమాత్రం చెప్పకుండా నెక్కొండలో పెళ్లికి పట్టుకుపోయాడట. అది భార్య లక్ష్మీనర్సమ్మ పుట్టింటిది. యుద్ధం రోజులు, మళ్లీ కొందామన్నా ఇత్తడి దొరకదు. అది కనబడనన్నాళ్లూ సాంబయ్యకు ఇంట్లో అన్నం తప్ప పలకరింపు దొరకలేదు.

గడప దాటగానే, పక్కింట్లో చీరలు నేసే రాయమల్లు ఆపాడు.

"పోకు అన్నా. ఇచ్చిన ఫిర్యాదులల్ల ఉత్తయి ఎన్నో లెక్క తియ్యుమని పట్నం నుంచి హుకుం వచ్చిందట. ఉత్తదని తేలితే ఇచ్చినోన్ని లోపలేస్తరట."

చివరి మాట రాయమల్లు సొంతంగా కలిపింది. సాంబయ్య చెవిలో అదే నిలిచింది. ఇద్దరూ గంగాళానికి దుప్పటి కప్పి మోసుకెళ్లి రాయమల్లు మగ్గం గుంటలో దింపారు. కాళ్లు పెట్టే చోట గంగాళం కూర్చోవడంతో ఆ రోజుకు నేత ఆగింది.

మధ్యాహ్నం ఠాణా పెద్ద అమీన్ సాబే కొట్టుకు వచ్చాడు. ఆయన బాధ ఆయనది. దొంగతనం నిజమైతే దొంగను పట్టాలి, ఉత్తదైతే ఎవర్నీ పట్టక్కర్లేదు. అందుకని ఎంతో మర్యాదగా, గంగాళం ఇంట్లోనే ఎక్కడో ఉంటుంది, సరిగ్గా వెతికావా అని అడిగాడు. ఇంత మెత్తగా మాట్లాడే పోలీసును సాంబయ్య పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇదేదో వల అనుకుని, పోయిన మాట నిజమేనని ఒట్టేశాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. దొంగ గోడ దూకుతుంటే కళ్లారా చూశానన్నాడు.

చూసినవాడు ఉన్నాక వెతకక తప్పదు. అమీన్ నిట్టూర్చి జవాన్లను వాడలోకి పంపాడు. కాసేపటికి ఇద్దరు గంగాళాన్ని, ఒకడు రాయమల్లును పట్టుకుని ఠాణాకు బయల్దేరారు. రాయమల్లు సాంబయ్య పేరెత్తలేదు. అతను అలా తలవంచుకుని పోతుంటే సాంబయ్య సిగ్గుతో చితికిపోయాడు. పైపంచె కూడా మరిచి వెనకాలే పరుగెత్తాడు.

"సాబ్, నన్ను లోపలెయ్యున్రి. గంగాళం పోనే లేదు. నేనే దాపెట్టిచ్చిన."

అమీన్ ముఖం వెలిగిపోయింది. "గీ మాట ముందుగాల్నే చెప్తే నీ సొమ్మేం పోయేది సాంబయ్యా?" అన్నాడు. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, గంగాళం ఇల్లు దాటలేదని రాయించి సంతకం పెట్టించుకున్నాడు. రాయమల్లును వదిలేశాడు.

బతికి బయటపడ్డ సంతోషంలో ఇద్దరూ గంగాళం మాట మరిచి ఇల్లు చేరారు. లక్ష్మీనర్సమ్మ మరవలేదు. మర్నాడు సాంబయ్య మళ్లీ ఠాణాకు వెళ్లేసరికి, జవాన్లు దాని కింద మంట పెట్టి స్నానాలకు నీళ్లు కాగబెడుతున్నారు. తన గంగాళం తనకిప్పించమని వేడుకున్నాడు.

"నీది ఇల్లు దాటలేదని నువ్వే రాసిస్తివి గద," అన్నాడు అమీన్ శాంతంగా. "ఇది గూడ నీదే అంటే దొంగతనం అయినట్టే. మల్ల రాయమల్లును తీస్కరావాలె."

సాంబయ్య చేతులు జోడించి వెనక్కి తిరిగాడు. పట్నానికి పోయిన లెక్క ప్రకారం ఆ గంగాళం నేటికీ అతని ఇంట్లోనే ఉంది.