పాత కంప్యూటర్‌కి గుర్తింపు పరేడ్

"నా కళ్లు కప్పగల నేరస్తుడు ఇంకా పుట్టలేదు" అని ప్రకటిస్తూ అక్కగారింట్లో అడుగుపెట్టిన అపరాధ పరిశోధకుడు, గుమ్మం పక్కనున్న చెప్పుల స్టాండు కనబడక దానిమీద పడ్డాడు. వీధిలో అందరూ అతణ్ణి భూతద్దం అంటారు. కళ్లజోళ్ల దుకాణం నడుపుకునే మనిషిని వాళ్లు వేళాకోళానికి అలా పిలుస్తుంటే, అతను మాత్రం దాన్ని బిరుదనుకుని మురిసిపోతుంటాడు.

అక్క లేవదీసి సంగతి చెప్పింది. బావ ఏళ్ల తరబడి కూర్చుని అచ్చు కోసం గీసిన అక్షరాలన్నీ ముందుగదిలో ఉన్న పాత వర్క్‌స్టేషన్ కంప్యూటర్‌లోనే ఉన్నాయి. వాటిని తెరిచే సాఫ్ట్‌వేర్ పాడైంది. మళ్లీ ఎక్కిద్దామంటే మధ్యలోనే చతికిలబడుతోంది. కొత్త కంప్యూటర్లకేమో ఆ ఫైళ్లు అంతుపట్టవు. పిల్లల వాచకం ఆ అక్షరాలతోనే అచ్చువేద్దామనుకున్న ప్రెస్సువాళ్లు ఇవాళ సాయంత్రం దాకా చూసి, ఆ తర్వాత వేరేవి తీసుకుంటామన్నారు. జబ్బు చేసినప్పటి నుంచీ బావ చేతులు వణుకుతున్నాయి. ఆయన మళ్లీ గీయలేడు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనరు.

భూతద్దానికి బావంటే ప్రాణం. అందుకే గొంతు మరింత గంభీరంగా పెట్టి, ఎక్కడ ఆగుతోందని అడిగాడు. ఒకసారి మొదట్లో, ఒకసారి సగంలో, పొద్దున్నయితే తీరా అయిపోవచ్చాక ఆగిందట. సీడీ మార్చారు, డ్రైవు మార్చారు, కేబుల్ కూడా మార్చారు.

"పద్ధతీ పాడూ లేని నేరస్తుడన్నమాట. ఇలాంటివాళ్లతోనే ప్రమాదం. అక్కా, ఈ గదిలో పొద్దస్తమానం ఉండేదెవరు?"

"నేనేరా" అన్నాడు కిటికీ దగ్గర కూర్చున్న బావ. "గ్లాసు పట్టుకోవడానికే నా చేతులు మాట వినడం లేదు. ఇక కుట్రలేం చేస్తాను?"

భూతద్దం మొహం చిన్నబోయింది. ఆ చిన్నతనం కప్పిపుచ్చుకోవడానికి గబగబా కంప్యూటర్ మూత విప్పి, లోపలున్న ర్యామ్ పట్టీలన్నీ పీకి, పాత పేపరు మీద వరసగా నిలబెట్టాడు. యంత్రం పనిచేస్తున్నంతసేపూ సంగతులు గుర్తుంచుకునేవి అవే కాబట్టి, జరిగిందేమిటో వాటికి తెలిసి తీరాలని అతని సిద్ధాంతం.

వాటిలో రెండు నీలంరంగువి. యంత్రం నత్తనడక నడుస్తోందని మొన్నీమధ్య అతనే పాతసామాన్ల కొట్టుకు వెళ్లి, బుట్టెడు ర్యాముల్లోంచి భూతద్దం పెట్టి మరీ ఏరుకొచ్చిన జత అది. తనే బిగించాడు కూడా.

"వీళ్లు మనవాళ్లు. అనుమానానికి అతీతులు" అని ఆ రెంటినీ మర్యాదగా చొక్కా జేబులో వేసుకున్నాడు.

మిగిలిన పచ్చ పట్టీలను బెదిరించాడు, బుజ్జగించాడు. ఒక్కటీ నోరు విప్పలేదు. ఈలోగా అక్క ఓపిక నశించి, పొద్దుపోతోంది, ఎక్కడివక్కడ పెట్టమని గట్టిగా కసిరింది. అక్క కసిరితే అతనికి చిన్నప్పటి నుంచీ కాళ్లూ చేతులూ ఆడవు. పేపరు మీదున్నవి ఎలాగో గుచ్చేసి, మూత బిగించాడు. అక్క ఆశ లేకుండానే మళ్లీ సీడీ పెట్టింది.

భూతద్దం వెనక్కి తిరిగి, చేతులు కట్టుకుని, నేరమంతా పక్కింటి మిక్సీదేనని, అది తిరిగినప్పుడల్లా కరెంటు తడబడుతోందని సుదీర్ఘంగా నిరూపించసాగాడు. అతని ఉపన్యాసం ఇంకా ముగియనే లేదు, ఇన్‌స్టలేషన్ ముగిసిపోయింది.

తెర మీద నిండుగా ఒక 'అ' వచ్చి నిలబడింది. బావ లేచి వచ్చి, వణుకుతున్న వేలితో దాని వంపు వెంబడి మెల్లగా దిద్దాడు. అక్క కళ్లు తుడుచుకుని, ప్రెస్సువాళ్లకు ఫోన్ చేసింది. ఆ క్షణంలో భూతద్దానికి ఎంత సంతోషం వేసిందంటే, కేసు ఛేదించింది తానేనని చెప్పుకోవడం కూడా మరిచిపోయాడు.

కాసేపటికి గుర్తొచ్చింది. మెప్పు అందుకుందామని వినయంగా వంగాడు. జేబులోంచి నీలం పట్టీలు రెండూ జారి నేలమీద పడ్డాయి.

ముగ్గురూ వాటిని చూశారు. తర్వాత చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్ని చూశారు. అక్క ఏదో అనబోయి, పెదవి బిగబట్టి నవ్వాపుకుంది.

"ఇంతకీ నేరస్తుడు దొరికాడటరా?" అన్నాడు బావ ఏమీ ఎరగనట్టు.

భూతద్దం ఆ రెండింటినీ తీసి తుడిచి, మళ్లీ జేబులో వేసుకున్నాడు.

"దొరికాడు బావా. కళ్లజోళ్ల దుకాణం నడుపుకుంటుంటాడు."