మలేషియా వయా ఎల్బీనగర్

దిల్‌సుఖ్‌నగర్‌లో సూట్‌కేసులు అమ్మే వెంకట్రావు ఆ ఉదయం టిఫిన్ ముగించి, భార్యను ఎల్బీనగర్‌లో వదిలేసి రావడానికి స్కూటర్ తీశాడు. కోపంతో కాదు, ప్రేమతోనే.

షాపు భార్య పేరున ఉంటే పన్నుల దగ్గర కలిసొస్తుందని ఎవరో చెబితే, లైసెన్సు సూర్యప్రభ పేరున తీసుకున్నాడు. ఇన్నేళ్లూ కలిసొచ్చింది. ఈ ఏడు సూట్‌కేసుల కంపెనీవాళ్లు, సరుకు బాగా అమ్మిన షాపు యజమానులకు వారం రోజుల మలేషియా యాత్ర బహుమతిగా ఇచ్చారు. టికెట్టు సూర్యప్రభ పేరున వచ్చింది. ఒక్కరికే. పేరు మార్చడం కుదరదన్నారు. విమానం దిగి హోటల్‌ దాకా ఎవరికి వారే చేరుకోవాలట.

సూర్యప్రభ కొత్తపేట దాటి ఒంటరిగా ఏనాడూ వెళ్లలేదు. ఆమే ఒక షరతు పెట్టింది. "ఇవాళ ఎల్బీనగర్ నుంచి నా అంతట నేను ఇంటికి చేరితే వెళ్తాను. చేరలేకపోతే ఆ టికెట్టు మాట మళ్లీ ఎత్తకూడదు."

వెంకట్రావు కూడా దేశం దాటినవాడు కాదు. కానీ చక్రాలు విరిగిన పెట్టెలతో తిరిగొచ్చినవాళ్లు చెప్పుకున్న కష్టాలన్నీ అతని దగ్గర నిల్వ ఉన్నాయి. దారి పొడుగునా ఆ సరుకంతా దించాడు.

"అక్కడ తెలుగు ఎవరికీ రాదు. కాబట్టి ఇవాళ నువ్వు తెలుగు మాట్లాడకూడదు."

"నాకొచ్చిన ఇంగ్లీషు 'ఐ యామ్ ఫైన్', 'నో థాంక్యూ'. అంతేనండీ."

"చాలు. ముక్కూ మొహం తెలియనివాళ్లు పెట్టింది తినకు. ఎవరి బండీ ఎక్కకు. పెట్టె మీద చెయ్యి తీయకు."

"దారి తప్పితే?"

"ఉన్నచోటే నిలబడు."

"ఎంతసేపు?"

అది ఏ కస్టమరూ చెప్పలేదు. వెంకట్రావు ఎల్బీనగర్ చౌరస్తాలో స్కూటర్ ఆపి, ఆమె చేతిలోని ఫోన్ తీసి తన జేబులో వేసుకున్నాడు. "మన సిమ్ అక్కడ పనిచేయదు" అన్నాడు. పెట్టె దించి ఆమె పక్కన పెట్టాడు. ఖాళీ పెట్టెతో సాధన చేస్తే బరువు తెలియదని అందులో ఇంట్లో ఉన్న బియ్యమంతా ముందే పోసి తెచ్చాడు.

అది తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న కాలం. బస్సులు లేవు కాబట్టి రోడ్డు ఖాళీగా ఉండి సాధనకు అనుకూలిస్తుందని అతని లెక్క. అతని స్కూటర్ మలుపు తిరిగిందో లేదో, చౌరస్తాలో గులాబీ జెండాలు లేచాయి. రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి పొయ్యిలు వెలిగించారు. ఆ రోజు అక్కడ వంటావార్పు, నడిరోడ్డు మీదే వండుకు తినే నిరసన. ఆటోలన్నీ మాయమయ్యాయి. సూర్యప్రభ ఉన్నచోటే నిలబడింది.

పొయ్యి దగ్గరున్న అనంతమ్మ అనే పెద్దావిడ కాసేపు చూసి దగ్గరికొచ్చింది. "ఏమ్మా, గిట్ల నిలబడ్డవేంది? ఎటు వోవాలె?"

"ఐ యామ్ ఫైన్."

"మొకం వాడిపోయింది. జర నీళ్లు తాగు."

"నో థాంక్యూ."

"పాపం, తెలుగు రాదు" అని అనంతమ్మ వెనక్కి తిరిగి చెప్పింది.

"తెలుగు రానామె నల్లపూసలేసుకుంటదా పెద్దమ్మా? ఆంధ్రోళ్లింటామె గావచ్చు. భయపడి పెట్టె సదురుకొని ఊరికి పోతున్నది" అన్నాడొకాయన.

అనంతమ్మ గొంతు మారిపోయింది. "మా రాష్ట్రం మేమడుగుతున్నం గని, నిన్ను పొమ్మన్నమా బిడ్డా? మా పక్కింట్ల మీవోళ్లే కిరాయికుంటరు. మా మనవరాలు వాళ్లింట్లనే పెరిగింది."

సూర్యప్రభకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె దగ్గర ఉన్న మాట ఒక్కటే. "ఐ యామ్ ఫైన్" అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

ఈలోగా ఒక కానిస్టేబుల్‌కు పెట్టె మీద అనుమానం వచ్చింది. తెరవమన్నాడు. తెరిస్తే బియ్యం. వంటకు రావలసిన బియ్యం ఆటో ఆ రాస్తారోకోలోనే ఎక్కడో ఇరుక్కుని ఉంది. ఇంతలో ఎవరో మైకు అందుకుని, మన ఉద్యమానికి ఒక ఆంధ్రా ఆడపడుచు బియ్యం తెచ్చిందని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. ఇద్దరు మనుషులు పెట్టెను అమాంతం ఎత్తి గుండిగ మీదికి వంచబోయారు.

"ఆగండాగండి, ఎసరింకా మరగలేదు. కడగకుండానే పోసేస్తారేంటండీ?" అంది సూర్యప్రభ.

అనంతమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "తెలుగొస్తదా నీకు?"

"వస్తుందండీ. మా ఆయన మాట్లాడొద్దన్నారు."

"ఎందుకట?"

"మలేషియాలో తెలుగు ఎవరికీ రాదని."

"గిది ఎల్బీనగరమ్మా."

"నాకూ తెలుసండీ" అని సూర్యప్రభ కొంగు నడుముకు చుట్టి గరిటె అందుకుంది.

అంతకుముందు ఆమె కళ్లు తుడుచుకుంటున్నప్పుడే, పెట్టె మీది షాపు స్టిక్కర్ చూసి తెలిసినవాళ్లెవరో సరూర్‌నగర్‌లోని మల్లేశానికి ఫోన్ చేశారు. షాపు ఉన్న బిల్డింగు అతనిదే. పావుగంటలో షాపుకొచ్చి వెంకట్రావు ముందు నిలబడ్డాడు.

"ఏంది రావుసాబ్, వదినెను ఊరికి తోలిచ్చినవట. షాపు ఖాళీ చేస్తున్నవా? నిన్ను ఎవరన్న ఏమన్న అన్నరా? నాకొక్క మాట చెప్పకపోతివి."

"ఊరికి కాదయ్యా, మలేషియాకి."

"ఎల్బీనగర్‌ల నిలబడి ఏడుస్తున్నదంటున్నరు."

"ప్రస్తుతానికి మలేషియా ఎల్బీనగర్‌లోనే ఉంది."

మల్లేశం అతని నుదురు తాకి చూశాడు. "జర కూసో. నీళ్లు తాగు."

అప్పటికే పక్క చెప్పుల షాపాయన తలుపు దగ్గర నిలబడి షట్టర్ వెడల్పు జానలతో కొలుస్తున్నాడు. కానీ ఏడుస్తోందన్న మాట విన్నాక వెంకట్రావుకు షాపు గుర్తులేదు. గల్లా తాళం కూడా వేయకుండా మల్లేశం మోటార్ సైకిల్ ఎక్కాడు.

జనాన్ని తోసుకుంటూ చౌరస్తాకు చేరేసరికి, సూర్యప్రభ బంతిలో కూర్చున్నవాళ్లకు అన్నం వడ్డిస్తోంది.

"ప్రభా, ఇంటికి పద."

"పొద్దుటి ఇడ్లీ తప్ప ఏమీ తినలేదు మీరు. ముందు కూర్చోండి."

"మలేషియా పంపినాయన ఈయనేనా?" అని అనంతమ్మ అతని ముందు విస్తరి వేసింది. మల్లేశం ఫోన్ మోగితే పక్కకు వెళ్లాడు. వెంకట్రావు పప్పులో చెయ్యి పెట్టగానే పోలీసు వ్యాను వచ్చింది. ఆడవాళ్లను పక్కకు జరగమని, బంతిలో ఉన్న మగవాళ్లందరినీ ఎక్కించారు.

"నాది ఆంధ్రా అండీ" అన్నాడు వెంకట్రావు.

"మరి రోడ్డు మీద కూర్చుని ఏం తింటున్నవ్?" అన్నాడు కానిస్టేబుల్. రెండు ఫోన్లూ అతని జేబులోనే వెళ్లిపోయాయి.

వాళ్లను ఒక ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టారు. చీకటి పడే వేళకు గేటు దగ్గర ఆటో ఆగింది. ఎట్టకేలకు చేరిన బియ్యం ఆటో అది. అందులోంచి అనంతమ్మ, మల్లేశం, ఆ వెనక చేతిలో టిఫిన్ బాక్సుతో సూర్యప్రభ దిగారు. ఆమె తిన్నగా ఇన్‌స్పెక్టర్ దగ్గరికి నడిచింది.

"ఆయన మా ఆయనండీ. నన్ను ఇంటికి తీసుకెళ్దామని వచ్చి ఇరుక్కున్నారు."

"మీరెందుకొచ్చారమ్మా?"

"ఆయన్ని ఇంటికి తీసుకెళ్దామని."

ఇన్‌స్పెక్టర్ ఒక సంతకం తీసుకుని వదిలేశాడు.

ఆటోలో వెంకట్రావు వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "తెలుగు మాట్లాడావు. పెట్టె వదిలేశావు. వాళ్లు పెట్టింది తిన్నావు. ఇప్పుడు వాళ్ల బండే ఎక్కావు" అన్నాడు.

"అవునండీ. అయినా ఇంటికి వెళ్తున్నాను కదా. పైగా మిమ్మల్ని కూడా వెంటబెట్టుకుని." ఆమె బాక్సు మూత తీసి అతనికిచ్చింది. "నేను మలేషియా వెళ్తానండీ."

వెంకట్రావు ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. "వారం రోజులు" అన్నాడు. ఆ ముద్ద బాక్సులోనే పెట్టి, "గ్యాస్ ఎటు తిప్పితే ఆగుతుంది?" అని అడిగాడు.

సూర్యప్రభ అతని వైపు తిరిగి చూసింది. ఇన్నాళ్లూ తన ప్రయాణం గురించి అతను పడిన భయంలో సగానికి పైగా ఇంటి గురించేనని ఆమెకు అప్పుడు అర్థమైంది. చీర కొంగుతో అతని గడ్డానికంటిన పప్పు తుడిచింది.

"దానికెందుకు పరేషాన్? వదినె వచ్చేదాంక రెండు పూటలా మా ఇంట్లనే తిను రావుసాబ్" అన్నాడు ముందు సీట్లోంచి మల్లేశం.

సూర్యప్రభ మలేషియాలో ఉన్న వారమంతా మల్లేశం అన్న మాట ప్రకారమే భోజనం పెట్టాడు. కిరాయి పెంచే సంగతి కూడా ఆ వారంలోనే ఎత్తాడు. నోట్లో ముద్ద ఉండడం వల్ల వెంకట్రావు కాదనలేకపోయాడు.